సతర్‌కుల్ లేని విందు

ఫ్రూంజె
1974 మార్చి 2

టోకోన్ మావయ్యకు, సైరాకాన్ అత్తయ్యకు సలాం.

అమ్మ మోకాళ్ల నొప్పులంటూనే బజారుకు నాకంటే ముందు నడుస్తోంది, కాబట్టి బాగున్నట్టే. మీరు పంపిన వెన్న అందింది. ఇంట్లోవాళ్లు నాకు రెండు చెంచాలు మిగిల్చారు.

అసలు కబురు చెప్పేస్తాను, కడుపులో దాచుకోలేను. నాకు సినిమా ఇచ్చారు మావయ్యా! ఇన్నేళ్లుగా ఈ టీవీ స్టూడియోలో వేరేవాళ్లు తెచ్చిన రీళ్లు కత్తిరించి అతికించడమేగా నా ఉద్యోగం. ఇప్పుడు నేనే తీయాలి, నేనే అతకాలి. ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ. ఏం తీస్తావని మా విభాగం పెద్దాయన అడిగితే ఆలోచించకుండా "మా మావయ్య ఊరు" అనేశాను. మే నెలలో మందలు కొండెక్కే ముందు మీ ఇంట్లో విందు చేస్తారు కదా, అది తీస్తాను. ఎప్పుడూ చేసేదే చేయండి. ఒక్కటే షరతు, ఎవరూ కెమెరా వైపు చూడకూడదు. మేం అక్కడ లేమనుకోవాలి.

ఇదివరకు మా డాక్యుమెంటరీలను జనం పనుల్లో ఉండే వేళ చూసి వేసేవారు. ఎలాగూ ఎవరూ చూడరని. ఇప్పుడు సాయంత్రం వార్తలవగానే వేస్తున్నారు, ఉత్తరాలు సంచుల్లో వస్తున్నాయి. మా మెట్లు కడిగే మార్ఫా పిన్ని మొన్న నన్ను ఆపి, "ఆ తేనెటీగల ముసలాయనకి చివరికి పెళ్లయిందా?" అని అడిగింది. ఆ సంగతి సినిమా తీసినవాళ్లకే తెలియదు!

వద్దనకండి మావయ్యా.

మీ బురుల్


కోక్-సాయ్
మార్చి 24

ఏడు తోడేళ్ల పెట్టు మా మేనకోడలికి,

మేనకోడలు వచ్చేకంటే ఏడు తోడేళ్లు రావడం నయమని మన పెద్దలు ఊరికే అన్నారా? చిన్నప్పుడు వచ్చి నా కొరడా పట్టుకుపోయావు. ఆ తరవాత గొర్రెపిల్లను పట్టుకుపోయావు. ఇప్పుడు ఇంటికి ఇల్లే పట్టుకుపోతానంటున్నావు. అడిగింది ఇవ్వనంటే మేనమామ పరువు పోతుంది. రా.

కానీ నవ్వొచ్చిందే పిల్లా. ముప్పై ఏళ్లు గుర్రం మీద సినిమా రీళ్లు మోసుకుని కొండకొండకీ తిరిగినవాణ్ణి నేను. అసలు సినిమాకు ముందు ఒక రీలు మీ డాక్యుమెంటరీ వేసేవాణ్ణి. ఆనకట్ట, ట్రాక్టరు, చప్పట్లు, మళ్లీ ట్రాక్టరు. అది మొదలవగానే మగాళ్లు గుర్రాలు చూసుకోవడానికి లేచిపోయేవారు, ఆడవాళ్లు కబుర్లలో పడేవారు. తెర ముందు మిగిలేది ఎవరిదో కుక్క. ఈ దేశంలో ఉన్న ఆనకట్టలన్నీ ఆ కుక్కకు తెలుసు.

ఇప్పుడు రోజులు మారాయి. ఊళ్లో ఉన్నవే నాలుగైదు టీవీలు, వాటిలో మంచిది పక్కింటి సతర్‌కుల్‌ది. సాయంత్రమైతే సగం ఊరు అక్కడే. మొన్న సముద్రం అడుగున చేపల గురించి వేశారు. ఒక్కడు కదిలితే ఒట్టు. అంతా అయ్యాక సతర్‌కుల్ తీర్పు చెప్పాడు. "అంత పెద్ద చేపయితే ఏం లాభంరా తమ్ముడూ, ఊలు రాదు కదా!" అన్నాడు.

ఆయన నాకంటే ఏడాదే పెద్ద. అయినా పెద్ద పెద్దే. నాకు పళ్లు రాకముందు నుంచీ మేమిద్దరం ఒకటి. మా ఇంట్లో విందయితే, పెద్ద అతిథికి మర్యాదగా పెట్టే గొర్రె తల ఆయన ముందే పెడతాం, అది నీకు చెప్పేదేముంది. నీ సినిమా సంగతి వినగానే కొత్త తెల్ల టోపీ కుట్టించుకుంటానని బయల్దేరాడు. మీ అత్తయ్య గోడలకు సున్నం కొట్టమని అప్పుడే నా ప్రాణం తీస్తోంది.

అమ్మను మోకాళ్లకు గొర్రె కొవ్వు రాసుకోమను. బజారుకు నిన్ను పొమ్మను.

టోకోన్


ఫ్రూంజె
జులై 15

మావయ్యా, అత్తయ్యా, ఇద్దరికీ దండిగా ముద్దులు.

మీ పొయ్యి పొగ వాసన ఇంకా నా కోటును వదల్లేదు. కెమెరా పట్టుకొచ్చిన కళ్లజోడు అబ్బాయి స్లావా, మీ ఇంట్లో తిన్నాక మా క్యాంటీన్ వైపు కన్నెత్తి చూడ్డం లేదు.

రోజంతా ఎడిటింగ్ బల్ల దగ్గరే ఉంటున్నాను. తీసినదాంట్లో పదోవంతు కూడా సినిమాలోకి రాదు మావయ్యా. కెమెరాలోకి చూసిన ముక్కలైతే నేరుగా బుట్టలోకే. చూడొద్దని గొంతు చించుకున్నా మీ ఊళ్లో సగం మంది చూశారు! మీరొక్కరే మేం లేనట్టు తిరిగారు. మీ మొహం ఎక్కడ పెట్టినా చక్కగా అతుకుతోంది. మా పెద్దాయన చూసి "ఈయన్ని మనకు ఉద్యోగానికి ఇస్తారేమో కనుక్కో" అన్నాడు.

నవంబరులో వేస్తారట. తేదీ తెలియగానే టెలిగ్రాం ఇస్తాను.

మీ తోడేలు


కోక్-సాయ్
అక్టోబరు 20

బురుల్ తల్లీ,

మందలు దిగాయి. గడ్డి బాగానే పోగుపడింది. మీ అత్తయ్య జలుబు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు.

నీ సినిమా పేరు చెప్పి సతర్‌కుల్ ఇంట్లో పెళ్లి హడావుడి. ఏంటెనా స్తంభం పొడుగు పెంచాడు. జుమ్‌గల్‌లో ఉన్న చెల్లెళ్లకు, అల్లుళ్లకు కబురంపాడు. ఆ రోజుకు గొర్రెను కూడా ఎంచి పెట్టాడు. "మా టోకోన్ మేనకోడలి సినిమా" అని కనపడినవాడికల్లా చెబుతున్నాడు. సొంత కూతురు డాక్టరైనప్పుడు కూడా ఇంత చేయలేదు. నీ మీద ఆయనకు అంత అభిమానం ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు సుమా.

నేను మాత్రం పాత సినిమావాణ్ణి. బొమ్మ బాగా రాకపోతే ముందు ఈల వేసేది నేనే.

టోకోన్ మావయ్య


ఫ్రూంజె
నవంబరు 14

మావయ్యా! మావయ్యా!

చూశారా? ఎలా ఉంది? స్టూడియోలో ఫోను మోగుతూనే ఉంది. ఎవరో పంతులమ్మ పిల్లలందరితో చూసిందట. మార్ఫా పిన్ని మెట్ల మీదే నన్ను వాటేసుకుంది, చీపురుతో సహా.

అందరికీ నచ్చింది విందే. తల ఉన్న పళ్లెం వస్తుంది, మీరు రెండు చేతులూ చాచి నవ్వుతారు చూడండి, అక్కడ మా పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇంకా పెద్ద మాట చెబుతాను, కూర్చోండి. మాస్కో నుంచి అడిగారు. మార్చిలో దేశమంతటికీ వేస్తారు! మీ మొహం మొత్తం దేశం చూస్తుంది మావయ్యా.

సతర్‌కుల్ పెద్దమావయ్య ఏమన్నారు? చెల్లెళ్లు వచ్చారా? అన్నీ వివరంగా రాయండి.

నేల మీద కాలు నిలవని మీ బురుల్


కోక్-సాయ్
నవంబరు 28

గౌరవనీయులైన బురుల్ గారికి,

మీ సినిమా చూశాం. కొండలు బాగున్నాయి. గొర్రెలు బాగున్నాయి. ఇక్కడ మంచు పడింది. మీ అత్తయ్య గారు క్షేమం.

మాస్కోవారికి మా కృతజ్ఞతలు.

టోకోన్


ఫ్రూంజె
డిసెంబరు 9

మావయ్యకు,

నన్ను మీరు 'గారు' అన్నారు. ఆ ఉత్తరం అమ్మకు చూపిస్తే "మా తమ్ముడికి జ్వరమేమో" అంది. నాకు మాత్రం కారణం తెలుసు. గుర్రం మీద రీళ్లు మోసిన రోజుల గురించి మీరు ఎంతో బాగా చెప్పారు, నేనేమో అదంతా తీసేశాను. అందుకే కదా కోపం? ఇరవై నిమిషాల్లో పట్టలేదు మావయ్యా, ఒట్టు.

దానికి బదులు ఒక పని చేస్తాను. మాస్కోకు పంపేదాంట్లో కొంచెం మార్చుకోనిస్తారట. మీరు తల అందుకునే ముక్కను ఇంకాస్త పొడిగిస్తాను. మీ మొహం తెరనిండా ఉంటుంది. ఇప్పుడైనా నవ్వండి.

మీ బురుల్, 'గారు' లేకుండా


కోక్-సాయ్
డిసెంబరు 21

పొడిగిస్తావా? పొడిగించు! నా మెడకు తాడు కట్టి అది కూడా పొడిగించు!

అర్థమవ్వాలంటే మొత్తం చెప్పాలి, విను. ఆ సాయంత్రం సతర్‌కుల్ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. జుమ్‌గల్ చుట్టాలంతా దిగారు. కొండలు చూసి అందరూ ఆహా అన్నారు. ఆ తరవాత మన కోడలు తల ఉన్న పళ్లెం పట్టుకుని వచ్చింది. అందరూ ముందుకు వంగారు. అందుకున్నది ఎవరయ్యా అంటే నేను! నా ఇంట్లో, నా గొర్రె తల, నాకంటే పెద్దవాడు అతిథిగా కూర్చుని ఉండగా, పళ్లికిలించుకుంటూ నేనే అందుకున్నాను! ఆ రోజు నేను చేతులు చాచింది టీ గిన్నె కోసం. తెర మీద టీ గిన్నె ఏది?

"అబద్ధం! తల పెద్దాయనకే పెట్టాం, పళ్లెం సర్దింది నేనేగా" అంది మీ అత్తయ్య.

"నువ్వు సర్దితే సర్దావు గానీ వదినా, టీవీలో కళ్లారా చూశాం కదా" అన్నాడు ట్రాక్టరు అసాంకుల్. వాడూ ఆ విందులో ఉన్నాడే! నా పక్కనే కూర్చుని ఎముక చీకాడే! ఇప్పుడేమో "అవును, ఈసారి తల టోకోనే తిన్నాడు, నాకు బాగా గుర్తు" అని ఊరంతా చెబుతున్నాడు. ఒకప్పుడు మీ డాక్యుమెంటరీని కుక్క తప్ప ఎవరూ చూసేవారు కాదు. ఇప్పుడు జనం సొంత కళ్ల కంటే దాన్నే నమ్ముతున్నారు. పక్క ఊరివాళ్లు ఎదురైతే "టోకోన్ అన్నా, మీ ఇంటికొస్తే మాకు గిట్టలైనా మిగులుస్తావా?" అంటున్నారు.

వాళ్లందరి మాటలూ పడతాను. సతర్‌కుల్ సంగతే తట్టుకోలేకపోతున్నాను. సినిమా అవగానే లేచి టీవీ కట్టేశాడు. అప్పటినుంచి మా గడప తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను నేను? ఆయన లేకుండా సాయంత్రం టీ తాగడం నాకు చేతకాదే. గిన్నె ముందు పెట్టుకుని చల్లారేదాకా కూర్చుంటున్నాను.

దేశం నా మొహం చూడకపోతే దేశానికి వచ్చిన నష్టమేమీ లేదు. నాకు నా మనిషి కావాలి.

టోకోన్


ఫ్రూంజె
1975 జనవరి 6

మావయ్యా,

మీ ఉత్తరం చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఇంటివాడు తల తీసుకోడని నాకు తెలియక కాదు. తెలుసు. ఎడిటింగ్ బల్ల ముందు కూర్చుంటే అది గొర్రె తలా కాదు, మీరు మావయ్యా కాదు. ఇదొక ముక్క, అదొక ముక్క. అతికాయి, అంతే. మీ నవ్వంటే నాకు ఇష్టం, అది కూడా ఉంది.

సతర్‌కుల్ పెద్దమావయ్య తల అందుకున్న ముక్క నా దగ్గరుంది. బుట్టలోంచి తీసి మళ్లీ చూశాను. ఆయన అందుకుని, బుగ్గ మాంసం ఒక ముక్క కోసి, నేరుగా కెమెరాలోకి చూస్తూ చేయి చాచారు. ఆయన ఉన్న ప్రతి ముక్కలోనూ కెమెరాలోకే చూశారు మావయ్యా. అలాంటిది వేస్తే మా పెద్దాయన నన్ను మళ్లీ పాత పనికే పంపిస్తాడు. అందుకని ఆలోచించాను. మాస్కోకు పంపేదాంట్లో తల వచ్చే ఘట్టమే తీసేస్తాను. ఎవరూ అందుకోరు, ఎవరికీ అవమానం ఉండదు. ఈ ఉత్తరం తీసుకెళ్లి ఆయనకు చదివి వినిపించండి. నా తరఫున క్షమించమనండి.

మీ బురుల్


కోక్-సాయ్
జనవరి 25

బురుల్,

వెళ్లాను. గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడి నీ ఉత్తరం గడగడా చదివేశాను. ఆయన విని "ఏ తల?" అన్నాడు.

"నీకు రావలసిన తల అన్నా! నేను తిన్నట్టు చూపించారే, అది!"

"ఆ తల నేను మేలోనే తిన్నాగా. టీవీవాళ్లు ఇప్పుడు కక్కిస్తారా ఏమిటి?"

"మరెందుకన్నా అలిగావు?"

పొయ్యి కెలికాడు. అప్పుడు చెప్పాడు. "చెల్లెళ్లను అంతదూరం నుంచి రప్పించాను. కొత్త టోపీ పెట్టుకున్నాను. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, 'చూస్తూ ఉండరా, ఇదిగో ఇప్పుడొస్తాను' అన్నాను. కొండలొచ్చాయి. గొర్రెలొచ్చాయి. నీ కుక్క కూడా వచ్చిందిరా, రెండుసార్లు. నేను రాలేదు. అంతా అయిపోయాక మనవడు లేచి టీవీ వెనక్కి వెళ్లి వెతికాడు."

గొర్రె నీ మీద అభిమానంతో కోశాడనుకున్నాను చూడు, నాకంటే మొద్దు ఉంటాడా?

కెమెరాలోకి ఎందుకు చూశావని కూడా అడిగాను. "గడప దాటి ఇంట్లోకొచ్చింది కదా ఆ యంత్రం. దాని వెనక ఆ కళ్లజోడు కుర్రాడు ఆకలితో నకనకలాడుతున్నాడు. ఇంటికొచ్చినవాడి మొహం చూడకుండా, వాడికి పెట్టకుండా తినమంటావా? మీ బురుల్ సగం పట్నంది, చూడొద్దంటుంది. నువ్వేం పట్నంవాడివి?" అన్నాడు.

టీ ఇచ్చాడు. మా ఇంటికి రమ్మంటే "చూద్దాం" అన్నాడు. రాలేదు.

కాబట్టి నువ్వు తీసేయాల్సింది ఆ తలను కాదు, నన్ను. నన్ను తీసేసి ఆ చోట్లో ఆయన్ని పెట్టు. మీ పెద్దాయన కాదంటే ఏం చేస్తావో నాకు తెలియదు. మేనమామ దగ్గర ఇన్నేళ్లూ నువ్వు పట్టుకుపోవడమే కానీ, నేను నిన్ను ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

టోకోన్


ఫ్రూంజె
ఫిబ్రవరి 19

మావయ్యా,

పెట్టాను.

మా పెద్దాయన చూసి "ఇది డాక్యుమెంటరీయా, పెళ్లి ఫోటోనా? తీసెయ్!" అని అరిచాడు. "ఆయన నటించలేదండీ. ఇంటికొచ్చినవాళ్లకు పెట్టాడు. మనం అక్కడ లేమని అబద్ధమాడింది మనమే" అన్నాను. ఇంత ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు. ఆయన మళ్లీ వేయమన్నాడు. ఇంకోసారి వేయమన్నాడు. "మాస్కోవాళ్లు తిప్పి పంపితే పూచీ నీదే" అని లేచిపోయాడు.

తిప్పి పంపలేదు మావయ్యా! మార్చి పదహారు, ఆదివారం.

నిడివి మారకూడదు కాబట్టి మీ మొహం మొత్తం పోయింది. ఎంత ప్రయత్నించినా ఒక్కటి కూడా నిలుపుకోలేకపోయాను. ఆ ముక్కలన్నీ ఒక డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మ కిటికీ వెలుగులో పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తోంది.

మీ బురుల్


కోక్-సాయ్
1975 మార్చి 18

మా బంగారు తోడేలుకు,

ఆదివారం పొద్దున్నే సతర్‌కుల్ వచ్చాడు. తలుపు కొట్టలేదు, ఎప్పటిలాగే తోసుకుని లోపలికొచ్చి "ఇంకా కూర్చున్నావేంరా, పద" అన్నాడు. నన్ను తీసుకెళ్లి టీవీకి ఎదురుగా, తన పక్కన కూర్చోబెట్టాడు. జుమ్‌గల్ చెల్లెళ్లు మళ్లీ వచ్చారు. మీ అత్తయ్య అసాంకుల్‌ని పనిగట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది, ఈసారైనా సరిగా చూడమని.

కొండలయ్యాయి. విందు వచ్చింది. ముందు రాగి చెంబు. ఆయన చేతుల మీద నీళ్లు పోస్తున్న రెండు చేతులు. మొహం లేదు, మోచేతుల దాకానే ఉన్నాయి. ఆ నీళ్లు ఇంట్లో చిన్నవాళ్లు పోయాలి, కానీ ఆయనకు మాత్రం నేనే పోస్తాను. నాకు నేను చెప్పుకున్నాను, నోరు మూసుకుని కూర్చో టోకోన్ అని.

సతర్‌కుల్ చూశాడు. ఒక్కసారిగా చెల్లెళ్ల వైపు తిరిగాడు. "ఆ చేతులు చూశారా? అవి టోకోన్‌వి! చూడు, ఆ బొటనవేలు, చిన్నప్పుడు గుర్రం కరిచింది, నేను అక్కడే ఉన్నాను. మావాడి చేతులవి!" అన్నాడు. వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరున్నవాళ్లకు చెప్పాడు. చెవుడున్న ముసలమ్మకు వంగి మళ్లీ చెప్పాడు. "అన్నా, ఇటు చూడు, నువ్వొస్తున్నావు" అని నేను చొక్కా పట్టుకు లాగినా వినడే!

ఈలోగా టీవీ నిండా ఆయన మొహం వచ్చింది. కొత్త టోపీ, ముడతలు, ఊడిన పన్ను, అన్నీ. బుగ్గ మాంసం ముక్క పట్టుకుని దేశం మొత్తానికి చేయి చాచాడు. చెల్లెళ్లు ఏడ్చారు. మనవడు "తాతా!" అని కేకేశాడు. ఆ కేక విని ఆయన గబుక్కున ఇటు తిరిగేసరికి గొర్రెలొచ్చేశాయి.

ఊరంతా చూసింది. దేశమంతా చూసింది. ఆయన ఒక్కడే చూసుకోలేదు. నిన్నటినుంచి మా ఇంట్లోనే కూర్చుని టీ తాగుతూ, 'నేనెలా ఉన్నాన్రా, ఎలా ఉన్నాను' అని నన్ను తినేస్తున్నాడు. మళ్లీ ఎప్పుడు వేస్తారో కనుక్కుని వెంటనే రాయి.

టోకోన్, సైరాకాన్, సతర్‌కుల్